రేడియో కనిపెట్టింది మార్కోనీయా, బోసా? మా ఇంట్లో మూడు రోజులుగా గొడవ

పప్పుచారు:
అందరికీ నమస్తే. పాత రేడియోల పిచ్చి ఉన్నవాళ్ళు, కాస్త సైన్స్ తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్తారని అడుగుతున్నా. మా పాప ఏడో క్లాసు. మొన్న స్లిప్ టెస్టులో రేడియోని కనిపెట్టింది ఎవరు అని బిట్ ఇస్తే ఇది జగదీశ్ చంద్ర బోస్ అని రాసొచ్చింది. టీచర్ ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి పక్కన మార్కోనీ అని రాసింది. అర మార్కు పోతే పోయింది, దానికేం బాధలేదు, కానీ అలా రాయమని చెప్పింది మా మామయ్యగారు. తెల్లోడు మన బోస్ గారిది కొట్టేసి నోబెల్ తెచ్చుకున్నాడు, ఇంకా మన పిల్లలకి ఆ దొంగ పేరే నేర్పిస్తారా అని స్కూలుకి ఉత్తరం రాయడానికి తెల్లకాగితం తీసుకుని కూర్చున్నారు. మా ఆయనేమో డీఎస్సీకి చదివిన మనిషి, జీకే పుస్తకంలో మార్కోనీ అనే ఉంది నాన్నా ఇంక వదిలెయ్ అంటారు. ఈ ఇద్దరి మధ్య అన్నం వడ్డించడం నా వల్ల కావట్లేదు. పాప నన్నడుగుతోంది, అమ్మా నేను రాసింది తప్పా అని. నాకు తెలీదు అని చెప్పడానికి మనసొప్పట్లేదు. నిజంగా మార్కోనీకి అంత పేరు రావాల్సిందేనా? లేక మామయ్యగారన్నట్టు దొంగేనా? వాట్సాప్ ఫార్వర్డులు మాత్రం పెట్టకండి, అవి ఇంట్లోనే చాలా ఉన్నాయి.

గోంగూర పులిహోర:
దొంగే అండీ, డౌటే లేదు. మీ మామయ్యగారికి నా తరఫున దండం పెట్టండి. బోస్ 1895లోనే కలకత్తా టౌన్‌హాల్లో గోడల అవతల గంట మోగించి తుపాకీ మందు పేల్చి చూపించాడు. అప్పటికి మార్కోనీ ఇటలీలో వాళ్ళ నాన్న బంగ్లాలో కూర్చుని బొమ్మలాటలు ఆడుకుంటున్నాడు. అసలు అమెరికా సుప్రీంకోర్టే 1943లో మార్కోనీ పేటెంట్ చెల్లదు, టెస్లా అనే సైంటిస్టుదే రేడియో అని తీర్పిచ్చింది. డబ్బున్నోడు, కంపెనీ పెట్టాడు, పేరు కొట్టేశాడు, కథ అయిపోయింది. మన బోస్ ఏమో పేటెంట్లు వద్దన్న మహానుభావుడు. ఇంకేం కావాలి?

837 కిలోహెర్ట్జ్:
అమ్మా, నేను నలభై ఏళ్ళు రేడియోలు రిపేరు చేసి బతికినోణ్ణి, సరదాకి రేడియోలో మాట్లాడుకునే హ్యామ్ లైసెన్సు కూడా ఉంది, అందుకని కాస్త పొడుగ్గా చెప్తా, ఓపిక చేసుకుని చదువు.

అసలు ప్రశ్నలోనే తిరకాసు ఉంది. రేడియో అనేది ఒక రోజు పొద్దున ఒకడు లేచి కనిపెట్టింది కాదు. ఇలాంటి తరంగాలు ఉండి తీరాలని లెక్కల్లో తేల్చింది మాక్స్‌వెల్. ఉన్నాయని 1887-88లో జర్మనీలో చేసి చూపించింది హెర్ట్జ్. అవి వచ్చాయో లేదో పట్టే గొట్టం 1890లో ఫ్రాన్సులో బ్రాన్లీ చేశాడు. దానికి కొహీరర్ అని పేరు పెట్టి, 1894లో ఆక్స్‌ఫర్డ్ సభలో సిగ్నల్ పంపి చూపించింది ఆలివర్ లాడ్జ్. రష్యాలో పోపోవ్ అయితే 1895 మే 7న దూరాన పడే పిడుగుల్ని పసిగట్టే మిషను చూపించాడు, వాళ్ళు ఇప్పటికీ మే 7న రేడియో దినం చేసుకుంటారు. అంటే మీ పాప రష్యాలో పుట్టుంటే పోపోవ్ అని రాయకపోతే ఇంటూ పడేది.

ఆ కొహీరర్ అంటే ఏంటో చెప్తా, అది తెలిస్తే సగం గొడవ అర్థమవుతుంది. వేలెడు గాజుగొట్టం, రెండు వైపులా లోహపు బిరడాలు, మధ్యలో చిటికెడు లోహపు రజను. రజను వదులుగా ఉంటుంది కాబట్టి కరెంటు పోదు. ఎక్కడో దూరాన స్పార్కు కొడితే, ఆ తరంగం తగలగానే రజను ఒకదానికొకటి కరుచుకుంటుంది, కరెంటు పోతుంది, గంట మోగుతుంది. చిక్కేంటంటే ఒకసారి కరుచుకుంటే మళ్ళీ తనంతట తను విడిపోదు. గొట్టాన్ని చిన్న సుత్తితో టక్కుమని కొట్టాలి. మోర్స్ కోడ్‌లో అక్షరాలంటే చుక్కలూ గీతలే కదా, ప్రతి చుక్కకీ ప్రతి గీతకీ ఒక దెబ్బ. మార్కోనీ దీన్నే తీసుకుని నికెల్‌లో కాస్త వెండి కలిపి, గొట్టంలో గాలి తీసేసి, సుత్తి దానంతటదే కొట్టేలా చేసుకున్నాడు. అందులో ఏ ముక్కా అతను కనిపెట్టింది కాదు. అన్నీ అరువే.

మరి అతనిదేంటి అంటావా? పై తీగ, కింద తీగ. మా చిన్నప్పుడు రేడియోకి ఏరియల్ తీగ కొబ్బరిచెట్టు మీదకి కట్టి, ఎర్త్ తీగ బావి దగ్గర గొట్టానికి చుట్టేవాళ్ళం చూడు, అదీ. 1895లో బొలోన్యా దగ్గర పొంటెక్కియోలో వాళ్ళ ఇంటి తోటలో ఒక కొస పైకెత్తి ఇంకో కొస భూమిలో పాతేసరికి గజాల్లో పోయే సిగ్నల్ మైళ్ళలోకి పోయింది. వాళ్ళ అన్న ఆల్ఫాన్సో రిసీవర్ పట్టుకుని కొండ అవతలకి పోయాడు, కనపడడు కదా, అందుకని సిగ్నల్ అందగానే తుపాకీ పేల్చి చెప్పాడు. పోపోవ్ కూడా తీగ ఎత్తాడు, కానీ అతను వినాలనుకున్నది మేఘాన్ని. మనిషి మాట కోసం కట్టింది ఈ కుర్రాడు. అప్పుడు వీడికి 21 ఏళ్ళు, కాలేజీ మొహం చూడలేదు, తర్వాత నోబెల్ తీసుకునేటప్పుడు కూడా నేను ఫిజిక్స్ పద్ధతిగా చదువుకోలేదని వాడే చెప్పుకున్నాడు.

ఇక బోస్ గారు. ఆయన గొప్పోడు కాదని ఎవడన్నా అంటే నేను ఊరుకోను. కానీ ఆయన పరిగెత్తిన పందెం వేరు. ఆయన వాడిన తరంగం పొడవు 5 మిల్లీమీటర్లు. అది టార్చిలైటు వెలుగులాంటిది, తిన్నగా పోతుంది, కొండ అడ్డమొస్తే ఆగిపోతుంది. ఆయనకి కావాల్సింది కూడా అదే, వెలుగు చేసే పనులన్నీ ఈ తరంగం చేస్తుందా అని చూడ్డం. తరంగాన్ని ఒక దిక్కుకి వడగట్టడానికి ఆయన ఏం వాడాడో తెలుసా, రైల్వే టైంటేబుల్ పుస్తకం! బ్రాడ్‌షా అని పెద్ద పుస్తకం వచ్చేది, దాని పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి అడ్డం నిలబెట్టాడు. మెలితిప్పిన జనపనార కట్టలతో కూడా చేశాడు. ఇవాళ కార్లలో రాడార్లూ 5జీలో మిల్లీమీటర్ వేవ్ అనే మాటా వింటున్నారే, అక్కడికి ఆయన వందేళ్ళ ముందు పోయి కూర్చున్నాడు. ఓడకి కబురు పంపాలంటే మాత్రం ఆ దారిలో పని జరగదు. బారు తరంగం కావాలి, భూమి వంపు వెంబడి పోయేది. అది పట్టుకున్నది మార్కోనీ.

కాబట్టి నన్నడిగితే దొంగ కాదు, అలాగని కనిపెట్టినోడూ కాదు. నడిపించినోడు.

తోకచుక్క:
837 గారు, ఏడో క్లాసు స్లిప్ టెస్టులో ఇదంతా రాస్తే అడిషనల్ షీట్లు అడగాలి 😀 అర మార్కుకి మాక్స్‌వెల్ నుంచి మొదలెట్టాలా సార్.

నల్లకోటు చొక్కా:
గోంగూర బ్రో, సుప్రీంకోర్టు తీర్పు గురించి అన్నావు కాబట్టి దానికొక్కదానికే వస్తా, నేను పేటెంట్ల పనిలోనే ఉంటా, ఈ తీర్పుని అందరూ నువ్వన్నట్టే చెప్తారు, చదివినోళ్ళు తక్కువ. 1943 జూన్ 21 తీర్పు అది. అసలు కేసెందుకు వచ్చిందంటే మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సర్కారు మా పేటెంట్లు వాడుకుంది, డబ్బు కట్టండి అని మార్కోనీ కంపెనీ దావా వేసింది. అందులో ప్రధానంగా గొడవ ట్యూనింగ్ పేటెంట్ మీద, అంటే పది స్టేషన్లు ఒకేసారి అరుస్తుంటే నీక్కావాల్సినదాన్ని విడిగా పట్టే సర్క్యూట్లు. వాటిలో ముఖ్యమైన క్లెయిములు, అంటే ఇది మాది అని రాసుకున్న అంశాలు, కొట్టేశారు, ఎందుకంటే జాన్ స్టోన్ అనే ఆయన, లాడ్జ్, టెస్లా వీళ్ళ పని అంతకు ముందే ఉంది కాబట్టి. టెస్లా పేరు తీర్పులో ఉంది, నిజమే, కానీ అందులో ఎక్కువ బరువు మోసింది స్టోన్ పని, ఆ పాపం పెద్దాయన పేరు ఏ ఫార్వర్డులోనూ ఉండదు. పైగా అదే తీర్పులో కోర్టు ఒక మాట స్పష్టంగా రాసింది, రేడియోతో మొదట కబురు పంపగలిగినవాడిగా మార్కోనీకున్న పేరు అతని మొదటి పేటెంటు మీద ఆధారపడి ఉంది, ఆ పేటెంటు మా ముందున్న వివాదంలో లేదు అని. టెస్లాయే రేడియో కనిపెట్టాడు అని ఎక్కడా అనలేదు. టెస్లా ఆ జనవరిలోనే పోయాడు, మార్కోనీ 1937లోనే పోయాడు, చచ్చిపోయిన ఇద్దరి పేర్లు పెట్టి మనం ఇక్కడ కొట్టుకుంటున్నాం.

అలాగని మార్కోనీని మోసెయ్యను. అతని కంపెనీ చేసిన వెధవ పని ఇంకోటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఓడల్లో మిషన్లు అమ్మేవాడు కాదు, అద్దెకిచ్చేవాడు, ఆపరేటరు కూడా కంపెనీ మనిషే. వేరే కంపెనీ మిషను ఉన్న ఓడ పిలిస్తే పలకొద్దని ఆర్డరు. ఒక సిమ్ము కంపెనీ ఇంకో సిమ్ము నుంచి వచ్చే కాల్ ఎత్తను అన్నట్టు, అదీ నడిసముద్రంలో. 1902లో జర్మనీ రాజుగారి తమ్ముడు ఎక్కిన ఓడకి కూడా ఇదే మర్యాద జరిగేసరికి జర్మన్లకి కాలి, 1903లో బెర్లిన్‌లో దేశాలన్నిటినీ కూర్చోబెట్టారు, 1906లో మళ్ళీ కూర్చుని ఎవరి మిషనైనా సరే తీరానికి ఓడ కబురు చేస్తే తీసుకోవాల్సిందే అని ఒప్పందం రాయించారు. దొంగ అనే మాట కంటే ఇది నాకు పెద్ద మచ్చ.

గోంగూర పులిహోర:
ఓకే తీర్పు విషయంలో నేను తొందరపడ్డా, ఒప్పుకుంటున్నా. కానీ దొంగతనం మాట వెనక్కి తీసుకోను, ఎందుకంటే అసలు విషయం మీరెవరూ ముట్టుకోలేదు. 1901 డిసెంబర్ 12, అట్లాంటిక్ దాటి ‘ఎస్’ అక్షరం విన్నాడని మార్కోనీ పేరు మోగిపోయింది కదా. ఆ రోజు అతను చెవి పెట్టి విన్నది ఆ రజను గొట్టంతో కాదు, పాదరసం బొట్టు ఉన్న గొట్టంతో. సుత్తి దెబ్బ అక్కర్లేదు, అదే విడిపోతుంది, అందుకే టెలిఫోన్‌లో వినగలిగాడు. అదెక్కడిది? ఇటలీ నేవీలో సొలారీ అనే లెఫ్టినెంట్ ఫ్రెండు ఇచ్చాడు, ఇతను 1901 సెప్టెంబర్లో తన పేరు మీద పేటెంట్‌కి పెట్టేశాడు. నేను చెప్పింది కాదు, ఇటలీలోనే 1903లో పత్రికల్లో రచ్చయింది, అది కాస్టెల్లి అనే నేవీ సిగ్నల్ మనిషిది అని. మరి బోస్? తనంతట తనే విడిపోయే ఇనుము–పాదరసం కొహీరర్ గురించి 1899లో లండన్ రాయల్ సొసైటీకి పేపర్ పంపాడు, అచ్చయింది, ఎవడైనా చదువుకోవచ్చు. 1998లో ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంఘం వాళ్ళ జర్నల్లో బందోపాధ్యాయ్ అనే ఇంజనీరు ఇదంతా తవ్వి తీసి రాశాడు. ఇప్పుడు చెప్పండి 837 సార్.

837 కిలోహెర్ట్జ్:
తమ్ముడూ, ఇప్పుడు మాట్లాడావు. ఇది నేను కావాలనే వదిలెయ్యలేదు, పొడుగవుతుందని ఆపాను. అవును, ఆ పాదరసం గొట్టం విషయంలో మార్కోనీ చేతులు శుభ్రంగా లేవు. బోస్ పేపర్ అచ్చయింది, ఆ గొట్టం ఇటలీ చేరింది, మధ్యలో ఎవడో ఒకడు చదివే ఉంటాడు అనిపిస్తుంది. మార్కోనీయే బోస్ టేబుల్ మీద నుంచి ఎత్తుకుపోయాడు అనడానికి మాత్రం ఆధారం లేదు. కానీ ఒక్క లైను, ఇది కలకత్తా ప్రొఫెసర్ గారి పనితో కలుస్తుంది అని ఒక్క లైను రాసి ఉంటే వాడి సొమ్మేం పోయేది? రాయలేదు. అక్కడ నేను నీ వైపే.

బోస్ గారు పేటెంట్లు అసలు వద్దన్నాడనేది కూడా పూర్తిగా నిజం కాదు. 1901లో లండన్లో ఉన్నప్పుడు ఒక పెద్ద టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని పేటెంటు కాగితాలు పట్టుకుని వెంటపడ్డాడని, ఈ డబ్బు యావ చూస్తే ఒళ్ళు మండుతోందని ఠాగూర్‌కి ఉత్తరం రాశాడు. ఆ తర్వాత సిస్టర్ నివేదిత, సారా బుల్ అనే స్నేహితురాలు బతిమాలి గెలీనా డిటెక్టర్, అంటే సీసపు ఖనిజంతో తరంగాన్ని పట్టే పరికరం మీద అమెరికాలో పేటెంటు పెట్టించారు, 1904లో వచ్చింది, 755,840 నంబరు. ఆయన దాన్ని పట్టించుకోలేదు, ఒక్క పైసా సంపాదించలేదు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో తెల్లవాళ్ళకంటే తక్కువ జీతం ఇస్తున్నారని మూడేళ్ళు జీతం ముట్టకుండా పాఠం చెప్పిన మనిషి ఆయన. ఆ మనిషిని తీసుకొచ్చి ఇంకొకడు కొట్టేస్తే ఏడ్చే అమాయకుడిలా చూపిస్తే ఆయనకే అవమానం అని నా బాధ. ఆయన పోగొట్టుకోలేదు, వదిలేసి మొక్కల వైపు వెళ్ళాడు.

ఇక ఆ ‘ఎస్’ సంగతి. నాకు ఎప్పట్నుంచో ఉన్న డౌటు చెప్తా. ఇంగ్లండ్ కొసన పోల్డూ నుంచి పంపారు, ఆ పెద్ద ట్రాన్స్‌మిటర్ వేసిచ్చింది కూడా ఫ్లెమింగ్ అనే ప్రొఫెసరు, మార్కోనీ కాదు. ఇతను అవతల న్యూఫౌండ్‌లాండ్‌లో సిగ్నల్ హిల్ మీద గాలిపటానికి తీగ కట్టి కూర్చున్నాడు. గాలి విపరీతం, పటం ఎగిరెగిరి పడుతోంది. మధ్యాహ్నం పన్నెండున్నరకి మూడు చుక్కలు, అంటే మోర్స్‌లో ‘ఎస్’, విన్నానన్నాడు, చెవి దగ్గర నుంచి తీసి అసిస్టెంట్ కెంప్‌కి ఇచ్చాడు, అతనూ విన్నానన్నాడు. అంతే. వచ్చిన సిగ్నల్‌ని గీసి పెట్టే కాగితం టేపు లేదు, బయట సాక్షి లేడు. తరంగం పొడవు ఎంత అని తర్వాత వేసిన లెక్కల్లో ఎక్కువగా వినపడే అంకె 366 మీటర్లు. అంటే 820 కిలోహెర్ట్జ్ దగ్గర. నా పేరు చూశారుగా, 837 అంటే మన విజయవాడ స్టేషను. ముల్లు వెంట్రుకవాసి జరిపితే పోల్డూ! మీడియం వేవ్ విన్నోళ్ళందరికీ తెలుసు, మిట్టమధ్యాహ్నం దూరపు స్టేషన్లు రావు. పొద్దుగూకాక ఎక్కడెక్కడివో పడతాయి, ఎండ ఉన్నంతసేపు పై గాలిలో ఒక పొర వాటిని మింగేస్తుంది. మరి మూడు వేల కిలోమీటర్ల పైన సముద్రం, మొత్తం పగటి వెలుతురు, ఆ రోజుల్లో సిగ్నల్ పెంచే ఆంప్లిఫయర్లు లేవు, ఎలా విన్నాడు? స్పార్కు ట్రాన్స్‌మిటర్ కాబట్టి పై ఫ్రీక్వెన్సీల్లో కూడా కాస్త చిందుతుంది, అది పట్టుకున్నాడేమో అంటారు కొందరు. గాలిలో పిడుగుల చిటపటలని చుక్కలనుకున్నాడు అంటారు ఇంకొందరు. వినాలని ఆశపడ్డ చెవికి వినపడింది అని నా లెక్క, అబద్ధం ఆడాడని మాత్రం అనను.

ఎందుకంటే వాడికే ఆ డౌటు ఉన్నట్టుంది. మూడు నెలలు తిరక్కుండానే, 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా అనే ఓడ ఎక్కి, ఈసారి టేపు మిషను పెట్టి, కెప్టెన్ చేత చూపించి సంతకం పెట్టించుకున్నాడు. రాత్రిపూట 2,500 కిలోమీటర్ల దాకా మాటలు టేపు మీద పడ్డాయి, చుక్కలైతే 3,300 పైన. పగలు? పదకొండు వందల చిల్లర దాటలేదు. రాత్రికీ పగటికీ ఈ తేడా ఉంటుందని కాగితం మీద మొదట పెట్టింది ఆ ప్రయాణమే. తన 1901 గొప్పని తనే అనుమానంలో పడేసే కాగితం అది. దాచకుండా బయటపెట్టాడు. అందుకే నాకు వాడంటే కోపం పూర్తిగా నిలవదు.

తోకచుక్క:
మార్కోనీ చివర్లో ఇటలీ నియంత ముసోలినీ వెనకాల తిరిగాడు, 1930లో ఇటలీ అకాడమీకి ప్రెసిడెంట్ అయ్యాడు, అది కూడా పేరు లెక్కలో వెయ్యండి సార్.

837 కిలోహెర్ట్జ్:
వేశాం. టైటానిక్ కూడా వెయ్యి. 700 మంది పైన బతికారు ఆ రాత్రి, పిలిచింది మార్కోనీ కంపెనీ ఆపరేటర్లు ఫిలిప్స్, బ్రైడ్. ఫిలిప్స్ తిరిగి రాలేదు.

అమ్మా పప్పుచారు, పాపకి ఒక పని చెప్పు. వంటింట్లో అల్యూమినియం ఫాయిల్ చించి బఠాణీ గింజంత ఉండలు చేసి ఒక ప్లాస్టిక్ మూతలో వదులుగా పొయ్యండి, రెండు వైపులా రెండు తీగలు దూర్చి, రెండు పెన్సిల్ సెల్స్, ఒక ఎర్ర ఎల్ఈడీ వరసగా కలపండి. వెలగకూడదు, వెలిగితే ఉండలు కదపండి. ఇప్పుడు గ్యాస్ లైటర్, టిక్కు టిక్కుమనే రకం, దగ్గరికి తెచ్చి నొక్కండి. తీగలు కాస్త బారుగా ఉంచండి, అవే ఏరియల్. స్టవ్ దగ్గర మాత్రం వద్దు.

పప్పుచారు:
అందరికీ థాంక్స్ అండీ, రెండు రోజులు ఆలస్యంగా వస్తున్నా. ఇది మొత్తం మామయ్యగారికి చదివి వినిపించా. పాదరసం గొట్టం దగ్గర, చూశావా నేను చెప్పలా అని తొడ చరిచారు. జీతం తీసుకోని ముక్క దగ్గర మాత్రం ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఉత్తరం రాస్తానన్నది రాశారు గానీ అందులో దొంగ అనే మాట కొట్టేసి, ప్రశ్న సరిగ్గా అడగండి, వైర్‌లెస్ టెలిగ్రాఫ్‌ని మొదట నడిపించింది ఎవరు అనండి అని మార్చారు. మా ఆయన దాన్ని స్కూలుకి పట్టుకెళ్ళనంటున్నారు, అది ఇంకో గొడవ.

ఫాయిల్ ఉండలు చేశాం సార్. ముందు రాలేదు, ఉండలు గట్టిగా నొక్కేసింది మా పాప. వదులుగా పోసి, తీగ కిటికీ ఊచకి చుట్టి లైటర్ నొక్కితే ఎల్ఈడీ టప్పున వెలిగింది! ఎక్కడా తగల్లేదు, జానెడు దూరంలో ఉంది లైటర్. ఆరట్లేదేంటి అని పాప కంగారుపడితే మామయ్యగారు చూపుడువేలితో మూత మీద టక్కుమని కొట్టారు, ఆరిపోయింది. అప్పట్నుంచి ఇద్దరికీ అదే పని, ఈమె వెలిగించడం ఆయన ఆర్పడం. ఇంతకీ దీన్ని కనిపెట్టింది ఎవరు తాతయ్యా అని అడిగింది. ఆయన నా వైపు చూశారు. బ్రాన్లీ అన్నాను. మళ్ళీ ఎవడు వాడు, అన్నారు.